పల్లమెరిగినవారికి

వరంగల్ చుట్టూ వెంచర్లు వేసేవాళ్ళకు నీటి సంగతి తెలియదని జనం అంటుంటారు. కాలనీలు మునిగినప్పుడల్లా పత్రికలూ అదే రాస్తాయి. అవగాహన లేదట, ముందుచూపు లేదట, నీళ్ళు ఎటు పోతాయో చూసుకోకుండా కట్టేశారట. ఇది వాళ్ళ పట్ల పెద్ద అన్యాయం. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడు ఊళ్ళూ గాలించినా, వాన నీటి నడక వాళ్ళకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు ఎక్కువమంది దొరకరు. ఆ తెలివిని ఒకసారి నోరారా మెచ్చుకోవాలి. వెటకారానికి అనడం లేదు. కింద రాసిన ప్రతి మెప్పూ నమ్మి రాసిందే.

అయ్యా, ముందుగా మీ చూపుకు దండం. నడివేసవిలో, గరిక కూడా మాడిపోయిన చెలకలో గట్టు మీద నిలబడి, ఏ మూల తడుస్తుందో మీరు చెప్పగలరు. ఎక్కడిదాకా ఎర్ర చెలక, ఎక్కడి నుంచి రేగడి, ఎంత లోతున పరుపుబండ తగులుతుంది అన్నది బోరు బండి రాకముందే అంచనా కడతారు. తుమ్మలు గుంపుగా పెరిగిన చోట ఒకప్పుడు కుంట ఉండేదని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రైతుతో బేరం కుదిరేటప్పుడు ఆ తెలివి మాటల్లోనే బయటపడుతుంది. "ఇది లోతట్టు, నీళ్ళు నిలుస్తయి, ఎకరానికి ఇంత తగ్గించాలె" అంటారు. తగ్గించుకునే కొంటారు. అదే నేలలో హద్దురాళ్ళు పాతి, 200 గజాల చొప్పున ప్లాట్లు చేసి, మామునూరు విమానాశ్రయమనీ ఔటర్ రింగు రోడ్డనీ బ్రోచర్ అచ్చు వేసేనాటికి లోతట్టు అనే మాట కనిపించదు. తెలియకపోవడం వేరు, తెలిసి చెప్పకపోవడం వేరు. మిమ్మల్ని తెలియనివాళ్ళ లెక్కలో వేసే విమర్శకులతో నాకు పేచీ అక్కడే.

వాస్తు విషయంలో మీ శ్రద్ధ మరీ గొప్పది. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నైరుతి ఎత్తుగా ఉండాలి, ఇంటి మీద పడ్డ వాన ఈశాన్యం నుంచే బయటికి పోవాలి. ఈ నియమం తప్పిన ప్లాటును మీరు అమ్మరు, కొనేవాడూ కొనడు. ప్లాటు నైరుతిలో గుంట ఉంటే పూడ్పిస్తారు, ఈశాన్యం ఎత్తుగా ఉంటే చెక్కిస్తారు. అంటే ప్రతి 200 గజాల్లోనూ నీరు ఏ మూల నుంచి ఏ మూలకు నడవాలో అంగుళాల లెక్కన ఆలోచించినవాళ్ళు మీరు. అంత ఆలోచన గేటు దగ్గర ఆగిపోతుంది. వంద ఇళ్ళ ఈశాన్యాలు కలిసి ఏ పల్లంలోకి దిగుతాయి అన్న ప్రశ్న ఏ సిద్ధాంతీ వేయడు, ఏ ఇంజనీరూ వేయడు. వేయగల శక్తి మాత్రం మీ దగ్గర పుష్కలంగా ఉంది.

ఆ శక్తిని పనిలో ఉండగా చూశాను. ఊరి అంచున ఒక వెంచర్. ఎవరిదో ఇక్కడ అవసరం లేదు, అలాంటివి ఏ దారిలో వెళ్ళినా కనిపిస్తాయి. ఆర్చి లేచింది, లోపల రోడ్లకు మొరం తోలారు, సైడు కాలువలు కడుతున్నారు. సన్నటి పైపులో నీళ్ళు నింపి, ఇద్దరు చెరో కొసా పట్టుకోగా మేస్త్రీ మట్టం చూస్తున్నాడు. కాలువ అడుగున వాటం ఎక్కడా చెడకూడదని ఒకచోట వేసిన సిమెంటు పచ్చిగా ఉండగానే గీకించి మళ్ళీ వేయించాడు. ఒక చెంబు నీళ్ళు మొదట్లో పోస్తే ఎక్కడా నిలవకుండా చివరిదాకా జారిపోయాయి. అంత మంచి పనితనం. చివర ఏముందా అని వెంట నడిచాను. కాంపౌండు గోడ. గోడ అడుగున రెండడుగుల రంధ్రం. దాని అవతల పత్తి చేను, చేను దాటితే పాత కాలనీ రేకుల కప్పులు. కాలువ కంటే ఆ కప్పుల కింది గచ్చులు పల్లంలో ఉన్నాయని కంటికే తెలుస్తోంది. నీళ్ళు అక్కడి నుంచి ఎటు పోతాయని అడిగితే మేస్త్రీ మొహమాటం లేకుండా చెప్పాడు: "గోడ దాటినంక మనది కాదు సార్."

ఆ రంధ్రం ఎక్కడ పెట్టాలో ఎవరూ పొరపాటున నిర్ణయించలేదు. వెంచర్ మొత్తంలో అదే అన్నిటికంటే పల్లపు చోటు. గోడకు అవతల పూడిన కట్టుకాలువ ఆనవాలు ఇంకా ఉంది. పాత రైతులు నీళ్ళు ఏ దారిన పంపారో మీరూ ఆ దారిని కనిపెట్టారు. వాళ్ళు కాలువ తవ్వి, కుంటలో కలిపారు. మీరు రంధ్రం పెట్టి వదిలేశారు.

లెక్క చెప్పుకుందాం, ఎందుకంటే మీకు లెక్కలు కూడా బాగా వచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఒక్క ప్లాటు మీద 16,700 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైగా. ఎకరం మీద 4 లక్షల లీటర్లు దాటుతుంది. పదెకరాల వెంచర్ మీద 40 లక్షలు. చెలకగా ఉన్నప్పుడు ఇందులో కొంత నేల తాగేది, కొంత గట్ల మధ్య నిలిచేది, మిగిలింది తాపీగా వాగులోకి దిగేది. స్లాబు, గచ్చు, సీసీ రోడ్డు పరిచాక దాదాపు అంతా, అదీ ఒక్కసారిగా, బయటికి వస్తుంది. వరంగల్‌లో ఏడాదికి సగటున దాదాపు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో పదో వంతు ఒక్కరోజే పడటం ఇప్పుడు వింతేమీ కాదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. గజానికి ఎంత వస్తుందో నోటిలెక్కన చెప్పగలిగిన మీకు ఈ గుణకారం కష్టం కాదు.

ఆ నీరు ఎక్కడ తేలుతుందో ఊరందరికీ తెలుసు. బొందివాగు పొంగుతుంది. హంటర్ రోడ్డు పక్కన ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ, బృందావన్ కాలనీల్లో మంచాల మీదికి నీళ్ళొస్తాయి. వడ్డేపల్లి చెరువు మత్తడి పోస్తే నయీంనగర్ నాలా పొంగుతుంది, సమ్మయ్య నగర్ మునుగుతుంది. 2020 ఆగస్టులో మునిగాయి. 2023 జులై చివర్లో మునిగాయి. ఆ వానకే భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది, జనం చూస్తుండగా ఇసుక బస్తాలు మోశారు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి మళ్ళీ ముంచింది. ముంపు కాలనీల్లో బియ్యం, పుస్తకాలు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టుకుని వానాకాలం గడిపే ఇళ్ళున్నాయి. ఫ్రిజ్జు కింద ఇటుకలు పేర్చి ఎత్తు చేసుకున్నారు. గోడ మీద పాత వరద గుర్తు సున్నం వేసినా మాసిపోదు, కొత్త వరద గుర్తు దాని పైన పడుతుంది. ఈ ఇళ్ళవాళ్ళలో చాలామంది ఎగువన వెంచర్లు లేని రోజుల్లో ఇల్లు కట్టుకున్నవాళ్ళు. వాళ్ళు కట్టినప్పుడు అది అంతగా మునిగే చోటు కాదు.

ఇక్కడ కాకతీయుల పేరు తీయకుండా ఉండలేను. అయితే వాళ్ళను పొగడ్డం మనకు బాగా అలవాటైన పని కాబట్టి పని సంగతే చెబుతాను. గణపతిదేవుడి కాలంలో పాకాల చెరువును జగదాల ముమ్మడి, రామప్ప చెరువును రేచర్ల రుద్రుడు కట్టించారు. వాళ్ళు తలపెట్టింది సాగునీరు, వరద ఆపడం కాదు. అయినా వాళ్ళూ, వాళ్ళ వెనక ఊరూరా కుంటలు తవ్వినవాళ్ళూ ఒక సూత్రం తప్పలేదు. పై చెరువు నిండి మత్తడి పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరాలి, దానిది ఇంకా కిందికి. ప్రతి చెరువూ వచ్చిన నీటిని కాసేపు పట్టి ఉంచి, తాను తట్టుకోగలిగినంతే వదులుతుంది. తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో చూసుకోవడానికి నీరటికాడు ఉండేవాడు. పడ్డ చోటే నీటిని నెమ్మదింపజేయి, నిలుపు, ఇంకించు, మిగిలింది మెల్లగా వదులు. ఇవాళ ప్రపంచమంతా పర్యావరణానికి అనువైన వాననీటి ప్రణాళిక అంటూ ఇంజనీర్లు చెప్పేది ఈ నాలుగు పనులే. ఆ చెరువుల గొలుసు మీదే ఈ నగరం కూర్చుంది. గొలుసులో ఒక కుంట ప్లాట్లయితే కింది చెరువుకు నీరు తగ్గదు. రోజంతా రావలసినది గంటలో వస్తుంది. భద్రకాళి కట్ట మీద పడే బరువు అదే. 2024 నవంబరులో ఆ చెరువును ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు, మంచి పని. గొలుసు కింది కొస బాగుపడుతోంది. పై కొసలో హద్దురాళ్ళు పాతుతున్నారు.

అధికారుల తెలివిని మెచ్చుకోకపోతే పక్షపాతమవుతుంది. 2012 నాటి 168 నంబరు జీవో చదివినవాళ్ళకు అది ఎంత ఆలోచించి రాసిందో తెలుస్తుంది. మునిసిపల్ హద్దుల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. చిన్న చెరువు, కుంట, శిఖం భూమి అయితే 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసే ఎవరినైనా అడగండి, పుస్తకం చూడకుండా చెబుతారు. గ్రామ నక్షాలో వాగు ఎక్కడ పోతుందో, సర్వే నంబర్ల మధ్య కట్టుకాలువ గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు. అంత తెలిసినవాళ్ళ సంతకాలతోనే లేఔట్లు బయటికి వస్తాయి. ఆ నిబంధనలు నాలాకు ఎంత దూరంలో ఉండాలో గట్టిగా చెబుతాయి. ఆ నాలాలోకి నువ్వు ఎంత నీరు పంపొచ్చు అన్నది అంత గట్టిగా అడగవు. ఇంకుడుగుంత తవ్వావా అంటాయి. తవ్వినట్టు ఫొటో ఉంటుంది.

అనుమతి లేని లేఔట్ల సంగతిలో ప్రభుత్వ లెక్క ఇంకా కచ్చితం. 2020 ఆగస్టు చివర్లో క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అలాంటి లేఔట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకోవాలని నిర్ణయించారు. లేని ఖాళీ స్థలానికి ధర కట్టగలిగారంటే దాని విలువ వాళ్ళకు తెలుసన్నట్టే. డబ్బు ఖజానాకు చేరుతుంది. ఖాళీ స్థలం మాత్రం ఏ కాలనీలోనూ పుట్టదు, వాన నీరు ఆ 14 శాతం రసీదు మీద నిలబడదు.

వరద వచ్చాక జరిగే పనిని నేను మనసారా పొగుడుతాను. పడవలు, భోజనం పొట్లాలు, నడుం లోతు నీళ్ళలో ముసలివాళ్ళను వీపు మీద మోసుకొచ్చిన సిబ్బంది, మర్నాడు బురద ఎత్తిన పారిశుధ్య కార్మికులు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. 2020 వరద తర్వాత మంత్రిగా కేటీఆర్ వచ్చి నాలాల మీది ఆక్రమణలు తొలగించమని ఆదేశించారు. 2024లో నయీంనగర్ పాత వంతెన పడగొట్టి, నాలా వెడల్పు చేసి, గోడలు కట్టి, కొత్త వంతెన వేశారు. ఊరి నడిబొడ్డున, వ్యాపారాల మధ్య, అంత పని చేయగలిగినవాళ్ళు ఊరి బయట ఖాళీ చెలకలో గీసే గీతను సరిగ్గా గీయించలేరంటే ఎవరు నమ్ముతారు? నాలాను వెడల్పు చేయడానికి కోట్లు కావాలి, కోర్టు కేసులు గెలవాలి, ఇళ్ళు కూల్చాలి. లేఔట్ కాగితం మీద పల్లపు మూలను పార్కుగా వదిలించడానికి ఎరుపు పెన్ను చాలు.

వేల్స్‌లో 2019 జనవరి 7 నుంచి ఒక నియమం ఉంది. ఒకటికి మించి ఇళ్ళు కట్టినా, కట్టడం 100 చదరపు మీటర్లు, అంతకు మించి ఉన్నా, వాన నీటి ఏర్పాటుకు స్థానిక సంస్థ ఆమోదం ముందే తీసుకోవాలి. ఆ ఏర్పాటు ప్రకృతి పద్ధతిని అనుసరించాలి. పచ్చిక నేలగా ఉన్నప్పుడు ఎంత వేగంగా నీరు బయటికి పోయేదో, కట్టాక కూడా వీలైనంత వరకు ఆ వేగం మించకుండా చూడటం దాని వెనక ఉన్న లెక్క. వాళ్ళది ఏడాది పొడవునా చిరుజల్లుల దేశం. మనది నాలుగు నెలల్లో కుమ్మరించే ఆకాశం. కాబట్టి వాళ్ళ కొలతలు తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు. మన నేల కూడా వేరు. పరుపుబండ మీద నాలుగడుగుల ఇంకుడుగుంత తవ్వితే అది గంటలో నిండి, ఆ పైన పనికిరాదు. రేగడి తడిస్తే ఉబ్బి నీటిని కిందికి పోనివ్వదు. చెలకలో ఇంకించవచ్చు, బండ నేలలో నిలపాలి. నిలపాలంటే కుంట కావాలి.

అలాంటప్పుడు వెంచర్ వేసే పద్ధతి పెద్దగా మారనక్కర్లేదు, వరుస మారాలి. ముందు నీళ్ళ దారి గీసి, తర్వాత ప్లాట్లు గీయాలి. వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలాన్ని అమ్ముడుపోని మూడుకోణాల ముక్కలో కాక అన్నిటికంటే పల్లంలో పెట్టాలి. దాన్ని మిగతా నేల కంటే నాలుగడుగులు లోతు చేస్తే వానాకాలం కుంట, మిగతా రోజుల్లో పిల్లల ఆటస్థలం. పదెకరాల్లో పది శాతమంటే ఎకరం. ఎకరంలో నాలుగడుగుల లోతంటే దాదాపు 49 లక్షల లీటర్లు. ఇందాక లెక్క వేసిన 40 లక్షలూ అందులో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. సిమెంటు కాలువకు బదులు రోడ్డు పక్కన గడ్డి పెరిగిన వెడల్పాటి కాలువ, అక్కడక్కడా రాళ్ళ అడ్డుకట్ట. ఉన్న కట్టుకాలువను హ్యూమ్ పైపులో దూర్చకుండా ఉన్న వెడల్పున వదిలేయడం. కుంటకు చిన్న తూము, కట్ట తెగకుండా మత్తడి. మేస్త్రీకి చెబితే చాలు, వాటం చెడకుండా కట్టిపెడతాడు. అతని పనితనం నేను చూశాను.

కొనేవాళ్ళు ఏమడుగుతారు అంటారా? లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, లోను వస్తుందా అంటారు, బోరులో నీళ్ళు పడతాయా అంటారు. బోరు నీళ్ళు అడిగేవాళ్ళకు వాన నీళ్ళ సంగతి చెప్పడం ఎంత సేపు? పల్లపు ప్లాటు రిజిస్ట్రేషన్ ముందు ఆ ఒక్క మాట చెప్పిన వ్యాపారి ఈ ఊళ్ళో ఉంటే, ఆయన మీద ఇంకో వ్యాసం రాస్తాను, అది ఉత్త స్తుతి అవుతుంది.

2041 వరకు చూపు సారించిన వరంగల్ మాస్టర్ ప్లాన్‌కు 2024 నవంబరులో ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 42 గ్రామాలు కలుపుకుని 407 చదరపు కిలోమీటర్లకు పెరిగిన నగరంలో ఇక వచ్చే వెంచర్లన్నీ ఆ పటం మీదే పుడతాయి. ఇప్పటికే ఒక మంచి ఏర్పాటు ఉంది: లోపలి రోడ్లూ కాలువలూ పూర్తి చేసేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. అధికారులు వచ్చి చూసి, పని పూర్తయిందంటే విడుదల చేస్తారు. ఆ చూడటం ఎండాకాలంలో కాక రెండు వానాకాలాలు గడిచాక జరగాలి. లేఔట్ ఫైలులో మరో కాగితం చేరాలి. ఈ వెంచర్ నుంచి గట్టి వానకు గంటలో ఎన్ని లీటర్లు బయటికి వస్తాయి, అది ఏ సర్వే నంబరులోకి దిగుతుంది, ఆ నేల యజమాని, ఆ కింది కాలనీ దీనికి ఒప్పుకున్నారా అన్న మూడు సంగతులూ రాసి సంతకం పెట్టాలి. పెట్టేవారికి అందులో కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ లేదు. గోడకు రంధ్రం పెట్టిన రోజే ఆ సర్వే నంబరు వాళ్ళకు తెలుసు.